ప్లైవుడ్ గోడకి అటు పక్క

ఆ తలుపు బోల్టు తర్వాత బిగిద్దురుగాని మరిదిగారూ, ముందు ఇలా వచ్చి ఈ అద్దం చూడండి. ఒక్కసారి చూడండి. ఇది మ్యూజియం అద్దమా, మేకప్ గదిలో అద్దమా?

ఓడ గంట పెట్టిన బీరువా అండీ ఇది! దీని మీద పౌడరు వేళ్ళు. ఇదిగో, ఇక్కడెవరో మీసం అంటించుకుని సరిచూసుకున్నారు, జిగురు కూడా ఉంది. మీ లెక్కల మాస్టారే అయ్యుంటాడు. ఆయనదేగా కెప్టెన్ వేషం? నా దగ్గర అసలు కెప్టెన్ టోపీ ఉంది, దాని వంక ఒక్కనాడు కన్నెత్తి చూడలేదు మహానుభావుడు. తన మీసం మాత్రం నా అద్దంలో చూసుకోవాలి.

తుడుస్తాను లెండి. తుడవడానికేగా నేనున్నది.

మీరు నవ్వకండి. మీరు నవ్వితే నాకింకా ఒళ్ళు మండుతుంది. నోట్లోంచి మాట రాదుగానీ మీకు, ఆ నవ్వొకటి మీసాల కింద.

అసలు ఈ ఐసు ఫ్యాక్టరీ ఎవరిదండీ? ఫ్యాక్టరీ మూతపడి, కప్పు కారుతూ, పావురాలు కాపురం పెట్టినప్పుడు దీన్ని ఎవరడిగారు? నేనడిగాను. పంచాయతీ ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి నేనడిగాను. దీవిలో ఇంటింటికీ వెళ్ళి, అటకలెక్కి, ‘ఓడ తాలూకు సామాను ఏమైనా ఉందా అమ్మా’ అని అడిగి తెచ్చుకున్నదాన్ని నేను. ఒకరింట్లో ఓడ లాంతరుని కోళ్ళగూట్లో పెట్టారు. ఇంకొకరు ఓడ తలుపు మీద చేపలు కోస్తున్నారు! అవన్నీ కడిగి, తుడిచి, చీటీలు అంటించి, ఒక్కొక్కదానికీ ఓ చోటు చూపించాను. ఊళ్ళో నాకు తాళాలమ్మ అని పేరు పెట్టినా పడ్డాను.

పోనీ, అందుకు జనం విరగబడి వచ్చారా? లేదు. లాంచి ఆలస్యమైతే ఎండకి తట్టుకోలేక వచ్చేవాళ్ళు. ‘ఫ్యాను వేస్తారా?’ అనేవాళ్ళు. వేసేదాన్ని. గాలి తగిలాక గంట వంక ఓ చూపు చూసి, ‘ఇది మోగుతుందా అండీ?’ అనేవాళ్ళు. అదే నాకు సంబరం.

అప్పుడు దిగింది మీ ఆవిడ.

ఆఁ, మా చెల్లెలే, కాదనను. కానీ కోపం వచ్చినప్పుడు మీ ఆవిడే. ఏం, మీకు లేదా ఆ హక్కు? విసుగొచ్చినప్పుడు ‘మీ చెల్లెలు’ అని నా మీదకి తోసెయ్యరూ మీరు?

నాటకాల వాళ్ళకి చోటు లేదట. బడి వరండాలో రిహార్సలు చేసుకుంటుంటే వాన కురుస్తోందట. మన మైకాయన ఉన్నాడుగా, పంచాయతీ పెద్ద, మైకు చేతికిస్తే వదలడుగా! ‘మ్యూజియంది చరిత్ర, నాటకందీ చరిత్రే, రెండూ ఒక కప్పు కింద ఉంటే దీవికే అందం’ అన్నాడు. చప్పట్లు. మధ్యలో ప్లైవుడ్ గోడ కొట్టించాడు. ఇటు నేను, అటు అది.

ప్లైవుడ్ అంటే ఏముందండీ, విసనకర్ర అంత మందం. అటు పక్క దగ్గితే ఇటు పక్క గంట కదులుతుంది. నేనిక్కడ వచ్చినవాళ్ళకి చెబుతుంటాను: ‘తుఫాను నాడు ఓడ ఇసక మేటకి తగిలింది, మగవాళ్ళంతా వేటలో ఉన్నారు, దీవిలో ఉన్నది ఆడవాళ్ళే, వాళ్ళే ఓడకీ ఒడ్డుకీ మధ్య తాడు కట్టి జనాన్ని లాక్కొచ్చారు, అందరికంటే ముందు నిలబడింది మా అమ్మే’ అని. ఇంతలో అటు నుంచి అరుపు. ‘తాడు! తాడు వెయ్యండే! పట్టు వదలకండే!’ ఇంకేముంది? నా ముందున్న మనుషులు నన్నొదిలేసి గోడకి చెవులానించారు. చెవులు! నేను మనిషిని ఎదురుగా నిలబడి చెబుతుంటే.

ఎందుకానించారో నాకు తెలుసు. ఆ గొంతు అమ్మది.

అదే కదండీ నా బాధ. అరిచింది చెల్లెలే, గొంతు మాత్రం అమ్మది. మొదటిసారి విన్నప్పుడు నా చేతిలో చీపురు కింద పడింది. అచ్చం అమ్మే. ‘తాడు’ అనడంలో ఆ చివర్న కాస్త తెగినట్టు ఉండేది చూడండి, గొంతు బొంగురుపోయి, అది కూడా వచ్చేసింది. నేను రోజూ అమ్మ పక్కన కూర్చున్నదాన్ని. నాకు ఒక్క మాటైనా అమ్మలాగా అనడం రాదు. ఇంట్లో తలుపేసుకుని ప్రయత్నించాను కూడా. నిజం! అద్దం ముందు నిలబడి ‘తాడు’ అన్నాను. నాలాగే వినిపించింది.

చిన్నప్పటి నుంచీ అంతే. ఇంటికెవరైనా వచ్చి వెళ్ళారంటే, వాళ్ళు గుమ్మం దాటగానే అది వాళ్ళలాగే నడిచి చూపించేది. అమ్మ పొట్ట పట్టుకుని నవ్వేది. నేను వంటింట్లో వాళ్ళు తాగిన గ్లాసులు కడిగేదాన్ని. అమ్మ నన్ను తిట్టిందా అంటే ఎప్పుడూ తిట్టలేదు. ‘పెద్దది బంగారం, చెప్పకుండానే పని చేస్తుంది’ అనేది అందరితోనూ. బంగారాన్ని ఏం చేస్తారండీ? బీరువాలో పెట్టి తాళం వేస్తారు. దాన్ని చూసి ఎవరైనా పొట్ట పట్టుకుని నవ్వుతారా?

అమ్మ మంచాన పడ్డ రోజులు మీకు తెలియనివి కాదు. పెళ్ళయిన కొన్నాళ్ళకే మా ఆయన పోయాడు, పిల్లా పీచూ లేరు, కాబట్టి అమ్మ నా దగ్గర. అది సహజమే, నేనేం అనను. ఒళ్ళు తుడిచాను, తల దువ్వాను, మందులు వేశాను. మీరు అవతలి ఒడ్డున కాపురం ఉన్న రోజులు కదా, వారానికోసారి దాన్ని లాంచిలో దింపేవారు. దాని అడుగుల చప్పుడు వాకిట్లో వినిపించగానే అమ్మ మొహం వెలిగిపోయేది. వెంటనే నా వైపు తిరిగి, ‘పాపం నువ్వు అలిసిపోయావు, వెళ్ళి కాసేపు పడుకో’ అనేది.

ప్రేమతోనే అనేదనుకోండి. కానీ నేను పక్క గదిలో పడుకుంటే నిద్రెక్కడ పడుతుంది? తలుపవతల నవ్వులు. అమ్మ దగ్గుతూ నవ్వడం. మళ్ళీ దానికి మంచినీళ్ళు కావాలంటే నేనే లేవాలి.

టీ తాగుతారా? ఫ్లాస్కులో ఉంది. తాగండి, చల్లారిపోతుంది. నేను తాగను.

మీ ఆవిడ ఏం చెప్పింది మీకు? ఏమీ చెప్పలేదా? ఇంటికొచ్చి, మొహం కడుక్కుని, ‘రేపటి ఆట నేను ఆడను’ అని పడుకుందా? అంతేనా? అన్నం తిందా?

హమ్మ. చూశారా! నా మీద ఒక్క ముక్క కూడా చెప్పలేదన్నమాట. అలా ఉంటుంది మీ ఆవిడ. మీకు నన్ను తిట్టుకునే సాయం కూడా చెయ్యదు.

సరే, నేనే చెబుతాను. కూర్చోండి. ఆ స్టూలు కాదు, దాని కాలు ఊగుతుంది. ఇలా కూర్చోండి.

మీరు నిన్న రేకు ఊపుతూ ఉరుములు చేస్తున్నారు కదా, తెర పక్కన. ముందుకి చూడలేదేమో. ఆ సీను అంతకు ముందు ఏ రిహార్సల్లోనూ లేదు. నేను ఈ పక్క నుంచి వింటూనే ఉన్నానుగా ఇన్ని నెలలూ, నాకు ప్రతి మాటా కంఠతా వచ్చు. అమ్మ నీళ్ళల్లో ముందు నిలబడి, తాడు పట్టుకుని వచ్చినవాళ్ళ చెయ్యి అందుకుని వెనక్కి పంపిస్తుంది. ఓడలో జనం వేషాలేసిన టైలరు వస్తాడు, పోస్టమ్మ వస్తుంది, అందరూ వస్తారు. ఆఖరికి ఓడలో వంటవాడు రాలేదని ఎవరో అంటారు. అమ్మ సముద్రం వైపు చూస్తుంది. తెర. అంతే కథ. నా మ్యూజియం బోర్డు మీద ఉన్నదీ అదే. ‘వంటవాడు ఒడ్డు చేరకముందే కెరటాల్లో కొట్టుకుపోయాడు.’ నేను రాసిందే.

నిన్న తెర పడలేదు. వంటవాడు వచ్చాడు.

ఒక చెయ్యి కనిపించిందండీ, సముద్రంలా పరిచిన నీలం గుడ్డ కింద నుంచి, చెయ్యి మాత్రమే. మా చెల్లెలు పట్టుకుంది. రెండు చేతులతో పట్టుకుంది. మీ ఉరుము వచ్చింది. అప్పుడది ఆ చేతిని చూసి, వదిలేసింది.

వదిలేసి, కదలకుండా అటే చూస్తూ నిలబడిపోయింది. మాట లేదు, ఏడుపు లేదు. కాసేపటికి హాలంతా చప్పట్లు. నేను వెనక వరుసలో గోడ పట్టుకుని నిలబడ్డాను.

ఎందుకంటే మరిదిగారూ, అది నిజం. అమ్మ చేతిలోకి వంటవాడి చెయ్యి వచ్చిన మాట నిజం. ఆ సంగతి ఈ లోకంలో నాకొక్కదానికే తెలుసని నేననుకున్నాను.

అమ్మ పోయే ముందు, ఓ మధ్యాహ్నం గోళ్ళు తీస్తున్నాను. మ్యూజియం కోసం అమ్మ మాటలు రికార్డు చేస్తుండేదాన్ని కదా, పక్కన మెషీను తిరుగుతోంది. ఉన్నట్టుండి, ‘దాన్ని ఆపవే’ అంది. ఆపాను. ‘ఆ వంటాయన చెయ్యి నాకందింది. పట్టుకున్నాను. కెరటం వచ్చింది, జారిపోయిందే’ అంది. నా బొటనవేలు పట్టుకుని చెప్పింది. నేను, ‘ఏం చేస్తావమ్మా, జారితే నువ్వేం చేస్తావు’ అన్నాను. అంతే, మళ్ళీ ఆ మాట మా మధ్య రాలేదు.

మీకెలా చెప్పను? బాధపడాలి కదా, అమ్మ అంత భారం మోసిందని. పడ్డాను. కానీ లోపల, ఇంకా లోపల, సంతోషం వేసింది. నాకు చెప్పింది! నవ్వులన్నీ దానికిచ్చినా ఇది నాకిచ్చింది. పదేపదే తలచుకునేదాన్ని. దాచుకున్నాను. బోర్డు మీద అబద్ధం రాసి మరీ దాచుకున్నాను.

అలాంటిది నిన్న ఊరందరి ముందూ, టిక్కెట్టు పెట్టి, అది ఆ చెయ్యి పట్టుకుంది.

ఆట అయిపోగానే జనం ఇటొచ్చారు. మైకాయన ఏర్పాటు అది, ముందు నాటకం, తర్వాత మ్యూజియం, చీకటి పడకముందే అందరూ ఆఖరి లాంచి ఎక్కాలి. ఎన్నడూ లేనంత జనం! నా మ్యూజియంలో కాలు పెట్టే చోటు లేదు. అందరూ ఆ బోర్డు దగ్గర మూగారు. ఒకరినొకరు మోచేత్తో పొడుచుకుంటున్నారు. ‘ఇక్కడ కొట్టుకుపోయాడని ఉంది, అక్కడ వదిలేసింది కదా?’ అని.

అప్పుడొక ఆవిడ వచ్చింది. నాకంటే నాలుగేళ్ళు పెద్దదై ఉంటుంది. చేతికర్ర ఉంది, గట్టి మనిషి. ‘ఈ మ్యూజియం మీదేనా?’ అంది. అవునన్నాను. ‘నేను వంటాయన కూతుర్ని’ అంది.

అవునండీ. ఆ వంటాయన కూతురే. మైకాయన ఓడలో వాళ్ళ కుటుంబాలన్నిటికీ కబురు పెట్టాడు కదా, మిగతా ఎవరూ రాలేదు, ఆవిడొక్కతే వచ్చింది.

‘రెండిట్లో ఏది నిజమమ్మా? నువ్వు చెప్పు, నీకు తెలిసే ఉంటుంది’ అంది.

నాకు తెలిసే ఉంటుందట! ఇన్నేళ్ళలో ఎవరైనా నన్ను అలా అడిగారా? అడగాల్సిన మనిషి వచ్చి అడిగింది. అడిగితే నేనేం చెప్పానో తెలుసా?

‘నాటకాల వాళ్ళకి ఏడిపించడం కావాలండీ. మా చెల్లెలు కల్పించింది’ అన్నాను.

గట్టిగా అన్నాను. అందరికీ వినపడేలా. ఆ క్షణంలో నా కళ్ళ ముందు వంటాయన లేడు, ఆయన కూతురు లేదు, అమ్మ కూడా లేదు. ఆ చప్పట్లే చెవుల్లో హోరెత్తుతున్నాయి. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి అది తప్పనిపించుకోవాలి, నేను ఒప్పనిపించుకోవాలి.

తల తిప్పితే అది గుమ్మంలో ఉంది. ఈ తలుపు దగ్గరే, తడి శాలువాతో, సగం మేకప్పుతో. వినేసింది.

ఇప్పుడు గొడవ పెట్టుకుంటుంది అనుకున్నాను. పెట్టుకోమనే అనుకున్నాను. నా వంక ఒక్క క్షణం చూసి, ఆవిడ దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకుని, ‘అవునమ్మా. మా అక్క చెప్పిందే నిజం. నాటకం రక్తి కట్టాలని నేనే కల్పించాను. మీ మనసు నొప్పించాను, క్షమించండి’ అంది.

విన్నారా? ఎలా ఉంది? మా అక్క చెప్పిందే నిజమట! నేను దాన్ని అబద్ధాలకోరుని చేస్తే, అది దాన్ని కూడా అందుకుని నెత్తిన పెట్టుకుంది. జనం ‘ఎంత మంచి మనసు’ అన్నారు. నా ముందే! అప్పుడు కూడా దానికే. తిట్టు తిన్నా దానికే చప్పట్లు.

జనం వెళ్ళిపోయారు. తలుపు వేశాను. ‘నీకెవరు చెప్పారే?’ అన్నాను. ‘ఏది?’ అంది. ‘చెయ్యి సంగతి.’ అది మెల్లగా, ‘అమ్మ నీకూ చెప్పిందా?’ అంది.

నీకూ అంటే! ‘కూ’ ఏమిటండీ ‘కూ’?

ఒక్క నిమిషం దాని మొహం కూడా వాడిపోయింది, నేను చూశాను. అదీ తనొక్కదానికే అనుకుంది పిచ్చిది. మీ దగ్గర దాచడం దేనికి, ఆ మొహం చూసి నాకు హాయిగా అనిపించింది. కుళ్ళు అంటే అదే కాబోలు. మనకి లేకపోయినా పరవాలేదు, ఎదటివాళ్ళకి కూడా లేదని తెలిస్తే చాలు.

‘జారిపోయిందని చెప్పింది నాతో. నువ్వు వదిలేసిందని ఎందుకు పెట్టావు? జారడానికీ వదలడానికీ తేడా తెలీదా? అమ్మని హంతకురాల్ని చేస్తావా?’ అన్నాను.

అది దువ్వెన తీసి జుట్టు విదిల్చుకుంటోంది. దాన్ని చూస్తే ఏదో దాస్తోందని తెలిసిపోయింది నాకు. అడిగాను. చెప్పలేదు. భుజం పట్టుకుని కుదిపాను. ‘వద్దక్కా, నువ్వన్నదే ఉండనీ’ అంది. ఇంకా కుదిపాను. అరిచాను కూడా. నేను అరవడం ఎప్పుడైనా విన్నారా మీరు?

చివరికి చెప్పింది.

మీ పెద్దవాడు కడుపులో ఉన్నప్పుడు గుర్తుందా? ఆస్పత్రికి లాంచిలో వెళ్ళాలి, సముద్రం పోటు మీద ఉంది, అది ఎక్కనని రేవులో కూర్చుని ఏడ్చింది. మీరు ఇంజను స్టార్టు చేసి ఎదురుచూస్తున్నారు. అమ్మ దాన్ని పక్కకి తీసుకెళ్ళి ఏదో చెప్పింది, అది లేచొచ్చి ఎక్కింది. ఏం చెప్పిందో మీకూ తెలీదు కదా? నాకూ తెలీదు. నేను ఒడ్డున సంచీ పట్టుకుని నిలబడ్డాను.

అమ్మ చెప్పిందట, ‘భయం సిగ్గు కాదే. బిడ్డ కడుపులో ఉన్నప్పుడు ఆ భయం నీది కాదు, బిడ్డది. నేను ఆ రోజు నీళ్ళల్లో ఉన్నప్పుడు మీ అక్క కడుపులో పడి కొద్ది రోజులే. మీ నాన్నకి కూడా ఇంకా చెప్పలేదు. ఆ వంటాయన బరువుకి నేనూ లోపలికి పోతున్నాను. నడుము దాకా ఉన్న నీళ్ళు గొంతు దాకా వచ్చాయి. వదిలేశాను. జారలేదు, నేనే వదిలేశాను. పెద్దదానికి మాత్రం ఎప్పుడూ చెప్పకు. అది మోయలేదు’ అని.

అదీ సంగతి.

నేను పుట్టింది ఎప్పుడో నాకు తెలీదా? ఓడ ఎప్పుడు మునిగిందో తెలీదా? దీవి చరిత్రంతా నా దగ్గరుందని గొప్పలు పోయేదాన్ని. ఆ రెండూ పక్కపక్కన పెట్టి ఏనాడూ చూసుకోలేదండీ.

దాని నాటకంలో అమ్మ ఎందుకు వదిలేసిందో చెప్పదు, గమనించారా? నిన్న తెర లేచే ముందు సంగతి చెబితే లెక్కల మాస్టారు గొడవ పెట్టాడట, ‘కారణం లేకపోతే జనానికి అర్థం కాదు’ అని. ఇది ఒప్పుకోలేదట. కారణం చెబితే ఊళ్ళో ఎవరో ఒకరు నెలలు లెక్కేసి, వేలు నా వైపు చూపిస్తారని. మరి ఆ సీను ఎందుకే పెట్టావంటే, ‘ఆయన కూతురు వస్తోందని తెలిశాక ఆ మనిషి ముందు కొట్టుకుపోయాడని ఆడలేకపోయానక్కా’ అంది. అంత జాగ్రత్తపడ్డ దాన్ని నేను నలుగురిలో నిలబెట్టి...

లేదు, ఏడవడం లేదు. పౌడరు కళ్ళల్లో పడింది.

అయ్యో, ఉండండి, ఇంకా అయిపోలేదు. పొద్దున్నే లేచి రేవుకి వెళ్ళాను. ఆవిడ నిన్న వెళ్ళలేదు, రేవు పక్క లాడ్జీలో ఉండి మొదటి లాంచికి బయల్దేరిందని తెలిసింది. టిక్కెట్టు కిటికీ దగ్గర దొరికింది. జనం తోసుకుంటున్నారు. ఎలా మొదలుపెట్టాలో తెలీలేదు. దారంతా ‘జారిపోయింది’ అని చెబుదామనే వెళ్ళాను. అదైతే నిజానికి దగ్గర, అమ్మకీ మర్యాద. అమ్మ నాకు చెప్పిన మాట అదేగా!

ఆవిడ మొహం చూశాక ఆ మాట రాలేదండీ. ‘నేను నిన్న అబద్ధం చెప్పాను. మీ నాన్న చెయ్యి మా అమ్మ చేతిలోకి వచ్చింది. మా అమ్మ వదిలేసింది. కడుపులో నేనున్నానని వదిలేసింది’ అన్నాను.

కొడుతుందేమో అనుకున్నాను. కర్ర ఉందిగా చేతిలో. కొట్టినా నిలబడదామనే వెళ్ళాను.

లాంచి కూత వేసింది, తాడు విప్పేశారు. అప్పుడంది, ‘మా అమ్మ బతికినంత కాలం ఒక్కటే అనేది. ఆ చీకట్లో, ఆ నీళ్ళల్లో ఒంటరిగా పోయాడే, ఒక్క మనిషైనా పక్కన లేడే అని. అయితే ఆఖర్న ఎవరో పట్టుకున్నారన్నమాట.’

లాంచి వెళ్ళిపోయింది. ఆవిడ ఎక్కలేదు. కర్ర నేల మీద తాటించి, ‘ఇవాళ కూడా నాటకం ఉందా?’ అంది. ఉందన్నాను. ‘నీ చెల్లెలు ఆ చెయ్యి వదిలాక అటే చూస్తూ నిలబడింది చూడు, అది మళ్ళీ చూడాలి నాకు. ముందు వరుసలో చోటు పెట్టు’ అంది.

చూశారా? నిజం చెప్పింది నేను. పొద్దున్నే లేచి, సిగ్గు చంపుకుని, నన్ను నేను తిట్టుకుంటూ వెళ్ళి చెప్పింది నేను. చూడాలనిపించింది మాత్రం మా చెల్లెల్ని. అవునులే, నన్ను చూడ్డానికేముంది?

బోర్డు మారుస్తాను. అది నా పని, నేను చేసుకుంటాను. దాని మీద ఏం రాయాలో దాన్నే అడుగుతాను. నవ్వకండి, నిజంగానే అడుగుతాను.

మీరు ఇంటికెళ్ళి దానికి చెప్పండి. నాలుగింటికి ఆట ఉందని, ఆవిడ ముందు వరుసలో కూర్చుంటోందని, మొహానికి రంగు వేసుకుని రమ్మని. నేను కూడా వస్తానని... ఆఁ, ఆ ముక్క చెప్పినా చెప్పకపోయినా ఒకటే.

ఏంటి? నన్నే వచ్చి చెప్పమంటారా?

నా వల్ల కాదు మరిదిగారూ. ఇంత తెలిశాక దాన్ని తిట్టుకునే వీలు లేకుండా పోయింది, ఆ కోపం ఒకటి. అమ్మ నాకోసం ఓ మనిషినే వదిలేసిందని తెలిశాక కుళ్ళు పోవాలి కదా? పోలేదండీ. రాత్రంతా చూసుకున్నాను, ఉన్న చోటే ఉంది. ‘అది మోయలేదు’ అందట నన్ను. మోయగలదని దానికి చెప్పిందట.

మీరే వెళ్ళండి. నేను వెళితే అది నా మెడ చుట్టూ చేతులేసి ఏడుస్తుంది. ఏడుపు కూడా నాకంటే అదే బాగా ఏడుస్తుంది.